చదునైన కాగితం మీద చెయ్యి ఎందుకు లేస్తుంది?

వేసవి సెలవులకు మా తమ్ముడి కూతురు గిద్దలూరు నుంచి మార్కాపురం వచ్చింది. వచ్చిన రోజు సాయంత్రమే సంచిలోంచి డ్రాయింగు పుస్తకం తీసి రెండు పేజీలు నా ముందు పరిచింది. మొదటిది తన స్నేహితురాలు గీసిచ్చింది. పేజీ నిండా అడ్డగీతలు, మధ్యలో ఒక చెయ్యి. ఆ చెయ్యి కాగితం అడుగున ఉండి పైకి నెడుతున్నట్టు ఉబ్బి ఉంది. వేలితో తడిమితే కాగితం నున్నగా, చదునుగా తగిలింది. రెండోది మా పిల్ల గీసింది. అవే గీతలు, అదే ఆకారం, కాని చెయ్యి లేవలేదు. గీతలు గీతలుగానే పడుకుని ఉన్నాయి.

"పెదనాయనా, దానిది ఎట్ట లేచింది? నాది ఎందుకు లెయ్యలేదు?" అంది.

ఇంత మంచి ప్రశ్న పెద్దవాళ్లు కూడా అడగరు. లేచిన బొమ్మను చూసి ముచ్చటపడి వదిలేస్తాం. లేవని బొమ్మను దాని పక్కన పెట్టి చూసినప్పుడే అసలు కిటుకు బయటపడుతుంది. అందుకే ముందు గీసే పద్ధతి చెప్పి, తర్వాత కారణం దగ్గరికి వస్తాను.

తెల్లకాగితం నిలువుగా పెట్టుకోవాలి. ఎడమ చెయ్యి, మణికట్టు దాకా, కాగితం మీద ఆనించి వేళ్లు కాస్త ఎడంగా ఉంచాలి. దాని చుట్టూ పెన్సిల్‌తో కనీ కనపడనంత పలచగా గీత తిప్పాలి. ఈ గీత తర్వాత చెరిగిపోవాల్సిందే కాబట్టి గట్టిగా నొక్కకూడదు. ఇప్పుడు కాగితం అడుగు నుంచి మొదలుపెట్టి అడ్డగీతలు. ఎడమ అంచు నుంచి స్కేలు పెట్టి తిన్నగా గీసుకుంటూ వచ్చి, చేతి అంచు తగలగానే స్కేలు తీసేసి, చేతి మీదుగా పైకి వంపు తిప్పి, అవతలి అంచు దగ్గర మళ్లీ అదే ఎత్తుకు దించి, అక్కణ్ణుంచి కుడి అంచు దాకా తిన్నగా పోనివ్వాలి. ఒక గీత అయ్యాక దానికి అర సెంటీమీటరు పైన ఇంకొకటి. వేళ్ల దగ్గరికి వచ్చేసరికి పని నెమ్మదిస్తుంది. ఒక్కో వేలికి ఒక్కో చిన్న వంపు, వేలికీ వేలికీ మధ్య సందులో తిన్నటి ముక్క. అన్నీ అయ్యాక చేతి చుట్టూ గీసిన పలచటి గీతను రబ్బరుతో తుడిచేసి, అడ్డగీతల మీద స్కెచ్ పెన్నుతో మళ్లీ దిద్దాలి. ఓపిక ఉన్న పిల్లలకు అరగంట పని.

మా పిల్ల చేసిన పొరపాట్లు మూడు. గీతకూ గీతకూ మధ్య అంగుళం ఎడం వదిలింది. అంత ఎడంలో చిటికెనవేలి మీదుగా రెండు గీతలకు మించి పోవు. రెండు గీతలతో ఏ ఆకారమూ తేలదు. నాలుగు వేళ్లకూ కలిపి ఒకటే పెద్ద వంపు తిప్పింది, దాంతో వేళ్లు కలిసిపోయి చేట అయ్యాయి. మూడోది అన్నిటికంటే పెద్దది. ఆ వంపులు వంపులు కావు, గుడిసె కప్పులు. ఒక పక్క నుంచి ఏటవాలుగా ఎక్కి, నడిమధ్య కొసదేలి, రెండో పక్క దిగాయి.

వంపు ఎలా ఉండాలో చూపడానికి పెన్సిల్ పట్టుకోనక్కర్లేదు. ఆ పిల్ల చేతికే గాజులున్నాయి. "చెయ్యి బల్ల మీద పెట్టి గాజు వైపు చూడు" అన్నాను. గాజు గుండ్రమని మనకు తెలుసు. కాని చేతి మీద ఉన్నప్పుడు కంటికి కనిపించేది విల్లులాంటి వంపు మాత్రమే. అంచుల దగ్గర గబుక్కున ఎక్కుతుంది, నడుమ చాలాసేపు దాదాపు చదునుగా నడుస్తుంది, మళ్లీ అంచు దగ్గర గబుక్కున దిగుతుంది. గుడిసె కప్పుకూ దీనికీ అక్కడే తేడా. చెయ్యి గుండ్రటి వస్తువని కంటికి చెప్పేది ఆ అంచుల దగ్గరి మలుపే. మధ్యలో ఎంత ఎత్తు లేపామన్నది అంత ముఖ్యం కాదు. పిల్లలు ఎక్కువ ఎత్తు లేపితే ఎక్కువ ఉబ్బుతుందనుకుంటారు, కాని అతిగా లేపితే చెయ్యి చెడిపోయి గొట్టం అవుతుంది.

ఇక ఎందుకు అన్న సంగతి. కంటి వెనక ఉన్న తెర మీద పడే బొమ్మ ఎప్పుడూ పలచటి, లోతు లేని బొమ్మే. కొండ చూసినా, కుండ చూసినా, కుండ ఫొటో చూసినా ఆ తెర మీద పడేది వెలుగు మచ్చల పరుపు ఒక్కటే. ఏది దగ్గర, ఏది దూరం, ఏది ఎత్తు, ఏది పల్లం అన్నది మెదడు గుర్తులు పట్టి తేల్చుకోవాల్సిందే. రోజంతా ఆ పని చేస్తూనే ఉంటుంది, మనకు తెలియనివ్వదు.

ఆ గుర్తుల్లో ఒకటి మా మెట్ట పొలాల్లో కళ్లముందే ఉంటుంది. కంది వేసిన చేనును గట్టు మీద నిలబడి అడ్డంగా చూడండి. చదునుగా ఉన్నంత మేర సాళ్లు తాడు పట్టినట్టు తిన్నగా పోతాయి. చేలో ఎక్కడన్నా దిబ్బ ఉంటే, ఆ దిబ్బ ఎక్కేచోట సాళ్లు పైకి వంగి, దిగాక మళ్లీ తిన్నబడతాయి. మట్టి రంగు అంతటా ఒకటే, దిబ్బకు వేరే అంచూ లేదు. అయినా చూడగానే అక్కడ మిట్ట ఉందని తెలిసిపోతుంది. సాళ్లే చెప్పాయి. కాగితం మీద మనం గీసింది అదే చేను, ఆ చెయ్యి అదే దిబ్బ. తిన్నగా పోతున్న గీతలన్నీ ఒకేచోట, ఒకే తీరున వంగితే మెదడుకు రెండు దారులున్నాయి. పాతిక గీతలు వేటికవే అనుకోకుండా అక్కడే వంకర పోయాయని అనుకోవాలి; లేదా గీతలన్నీ తిన్ననివే, వాటి కింద నేలే లేచిందని అనుకోవాలి. రెండోదే తేలిక, మన అనుభవంలో ఎక్కువసార్లు నిజమైనదీ అదే. మెదడు దాన్నే పట్టుకుంటుంది.

వంపు పైకే ఎందుకు తిప్పాలి? కాగితం బల్ల మీద పెట్టుకుని మన వైపు నుంచి ఏటవాలుగా చూస్తాం. అలా చూసినప్పుడు నిజంగా ఎత్తుగా ఉన్నది ఏదైనా కాగితం పై అంచు వైపు జరిగినట్టు కనిపిస్తుంది. వంపులన్నీ కిందికి తిప్పి ఒకసారి గీసి చూడండి. చాలామందికి చెయ్యి ఉబ్బినట్టు కాక, తడి మట్టిలో అదిమి తీసిన గుర్తులా, లోపలికి దిగినట్టు కనిపిస్తుంది. ఇంకొక చిన్న మాట: బొమ్మ అయ్యాక చేయిచాచినంత దూరంలో పెట్టి ఒక కన్ను మూసి చూస్తే ఇంకా బాగా లేస్తుంది. మన రెండు కళ్లకూ మధ్య సుమారు 6 సెంటీమీటర్ల ఎడం ఉంది. రెండూ చూసే బొమ్మలు కొద్దిగా వేరు, ఆ తేడాతో మెదడు కాగితం చదునుదేనని కనిపెట్టేస్తుంది. ఒక కన్ను మూస్తే ఆ సాక్షి తప్పుకుంటాడు. సెల్‌ఫోన్ కెమెరా ఫొటో తీసేది ఒక కంటితోనే కాబట్టి ఫొటోలో ఈ బొమ్మలు మరీ బాగుంటాయి.

మర్నాడు పొద్దున ఆ పిల్ల అటక మీది రాతిపలక దింపింది. అసలు కథ అక్కడ మొదలైంది, ఆ రోజు నేనూ నేర్చుకున్నాను.

మార్కాపురంలో పుట్టినవాడికి పలక గురించి చెప్పమంటే ఆపడం కష్టం. ఒకప్పుడు ఓనమాలు దిద్దిన తెలుగు పిల్లల్లో ఎందరి చేతుల్లోనో మా ఊరి రాయే ఉండేది. ఈ రాయి ఒకప్పటి బురద. నీళ్ల అడుగున పొరలు పొరలుగా పేరుకుని, నేల ఒత్తిడికి గట్టిపడి పలకరాయి అయింది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ పొరలను మన కంభం ఊరి పేరుతోనే పిలుస్తారు. వాటి వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. పొర పట్టుకుని ఉలి ఆనించి సుత్తితో తడితే రాయి పుస్తకంలో పేజీ విప్పినట్టు విచ్చుకుంటుంది. దాన్ని కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగిస్తే పలక. ఇప్పుడు పిల్లల చేతుల్లో ప్లాస్టిక్కు పలకలు, అట్ట పుస్తకాలు. మా రాయి ఎక్కువగా గోడలకూ నేలకూ పరిచే బిళ్లలుగా పోతోంది. దొండాకు పసరూ బొగ్గూ కలిపి రుద్ది పలక నలుపు తేల్చిన చేతులకు అది కొంచెం దిగులే.

కాగితం మీద అప్పటికే ఆ పిల్లకు నేను ఇంకో కిటుకు నేర్పాను. రూపాయి బిళ్ల పెట్టి ఒక గుండ్రం గీసి, దాని కింది సగంలో పెన్సిల్ పడుకోబెట్టి రుద్దాలి. అట్టడుగున ముదురుగా, పైకి వచ్చేకొద్దీ పలచగా, పై అంచు దగ్గర తెల్లగా. ఆ గుండ్రం బొడిపెలా ఉబ్బుతుంది, నేరేడుపండు సగానికి కోసి బోర్లించినట్టు. ఇప్పుడు పలక మీద బలపంతో అచ్చం అలాగే చేసింది. అదే గుండ్రం, అదే కింది సగం, అదే చెయ్యి. ఉబ్బలేదు సరికదా, గుంట పడింది.

"రాయిలో ఏదో ఉంది పెదనాయనా" అంది. రాయిలో ఏమీ లేదు. పెన్సిల్ నీడను గీస్తుంది, బలపం వెలుగును గీస్తుంది. కాగితం మీద కింది సగం రుద్దితే కింద చీకటి పడుతుంది. నల్లటి పలక మీద అదే చోట రుద్దితే కింద వెలుగు పడుతుంది. చెయ్యి ఆడిన తీరు ఒకటే అయినా బొమ్మ తిరగబడింది.

చీకటి కింద ఉంటే బొడిపె ఎందుకు, వెలుగు కింద ఉంటే గుంట ఎందుకు? వెలుగు పైనుంచి వస్తుందని మెదడు అడక్కుండానే ఒప్పుకుని కూర్చుంటుంది. సూర్యుడు పైనే ఉంటాడు, ఇంట్లో దీపం పైనే ఉంటుంది. పైనుంచి వెలుగు పడితే బొడిపెకు పై భాగం మెరుస్తుంది, కింది భాగం నీడలో ఉంటుంది. రోలు గుంటకు అందుకు ఎదురు: వెలుగుకు దగ్గరి అంచు లోపలి వైపు చీకటి, దూరపు అంచు లోపలి వైపు వెలుగు. తమిళనాట పుట్టి అమెరికాలో పరిశోధన చేసిన వి.ఎస్. రామచంద్రన్ 1988లో ఇలాంటి నీడ గుండ్రాలతోనే ఈ సంగతిని వివరంగా పరీక్షించి ప్రచురించారు. ఆయన చూపిన వాటిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఇక్కడ 'పైన' అంటే ఆకాశం వైపు అని కాదు, చూసేవాడి నడినెత్తి వైపు అని. కాగితాన్ని తలకిందులుగా తిప్పితే బొడిపె గుంట అవుతుంది. కాగితాన్ని గోడకు అంటించి వదిలేసి, వెనక్కి తిరిగి వంగి, కాళ్ల సందులోంచి తలకిందులుగా మీరే చూసినా బొడిపె గుంట అవుతుంది! సూర్యుడు ఎక్కడున్నాడో తెలిసినా మెదడు లెక్కలోకి తీసుకోదు, తన తలనే కొలబద్దగా పెట్టుకుంటుంది. ఆ ఉదయం మా వాకిట్లో పిల్లలంతా వరసగా వంగి గోడకేసి చూశారు, వాళ్లతో నేనూ వంగాను.

గీతలతో వచ్చే ఇంకో మాయ రైలు పట్టాలది. గిద్దలూరు స్టేషన్లో ప్లాట్‌ఫారం చివర నిలబడి దిగువమెట్ట వైపు చూస్తే పట్టాలు రెండూ దగ్గరవుతూ పోయి ఒకటైపోతాయి. వాటి మధ్య ఎడం మాత్రం ఎక్కడైనా 1676 మిల్లీమీటర్లే, అంటే అయిదున్నర అడుగులు. దూరం పోయేకొద్దీ దగ్గరవుతున్న రెండు గీతలంటే లోతు అని కన్ను రాసుకుంది. కాగితం మీద గీయడం తేలిక. కింద 10 సెంటీమీటర్ల ఎడంతో మొదలుపెట్టి 15 సెంటీమీటర్ల ఎత్తున 2 సెంటీమీటర్లకు వచ్చేలా రెండు ఏటవాలు గీతలు గీయండి. వాటి మధ్య అడుగు నుంచి 4 సెంటీమీటర్ల ఎత్తున ఒకటి, 11 సెంటీమీటర్ల ఎత్తున ఒకటి, రెండు అడ్డగీతలు, రెండూ సరిగ్గా 3 సెంటీమీటర్లు. పైది పొడుగ్గా కనిపిస్తుంది. చీపురుపుల్ల కొలతకు తుంచి రెండిటి మీదా పెట్టి చూస్తే సమానం. పుల్ల తీయగానే మళ్లీ పైదే పొడుగు. దీన్ని ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ప్రచారంలోకి తెచ్చిన ఇటలీ మనస్తత్వవేత్త మారియో పోంజో పేరుతో పిలుస్తారు. పైది దూరంగా ఉందని మెదడు తేల్చుకుంది. దూరంగా ఉండి కూడా ఇంత కనిపిస్తోందంటే నిజంగా పెద్దదే అయి ఉండాలి అని పెంచి చూపుతుంది.

పున్నమి రోజు తూర్పున వెలికొండల వైపు లేచే చంద్రుడు చాటంత కనిపించడం కూడా ఇలాంటిదేనని చాలామంది అంటారు, ఆ లెక్క మాత్రం ఇంకా పూర్తిగా తెగలేదు. చంద్రుడు నిజంగా పెద్దవాడవుతాడా అన్నది మాత్రం పెన్సిల్‌తో తేల్చవచ్చు. చంద్రుడు లేవగానే చెయ్యి బారజాపి పెన్సిల్ నిలువుగా అడ్డం పెట్టండి, దాని మందానికే చంద్రుడు దాక్కుంటాడు. నడిరాత్రి నెత్తిమీదికి వచ్చాక మళ్లీ పెట్టండి, అంతే మందం చాలు. నిజానికి నెత్తిమీద కంటే కొండ అంచున ఉన్నప్పుడే మనకు కాస్త దూరం, ఇసుమంత చిన్న.

"కొలిచినాక కూడా అట్టే కనపడుతుందేంది?" అని ఆ పిల్ల అడిగింది. ఇదే నన్ను చాలా ఏళ్లుగా వెంటాడే ప్రశ్న. స్కేలు చెప్పింది నమ్మాను, అయినా కన్ను మారదు. చూసే పనీ తెలుసుకునే పనీ మెదడులో వేరువేరు చోట్ల నడుస్తాయి. చూసే విభాగం తన నిర్ణయం తాను గబగబా చేసేసి పంపిస్తుంది. తెలుసుకునే విభాగం వెనక్కి కబురు పెట్టి దాన్ని మార్చలేదు. ఎదురుగా వస్తున్న లారీ ఎంత దూరంలో ఉందో ఆలోచించి, కొలిచి తేల్చుకుందామనుకుంటే రోడ్డు దాటలేం. ఆ తొందర వల్లే బతుకుతున్నాం, ఆ తొందర వల్లే ఇలాంటి బొమ్మలకు దొరికిపోతున్నాం.

మరి ఈ అలవాటు నేర్చుకున్నదా, పుట్టుకతో వచ్చిందా? ఇక్కడ పండితులు విడిపోయారు. జర్మనీకి చెందిన ముల్లర్-లయర్ 1889లో ఒక బొమ్మ వేశాడు: రెండు సమానమైన గీతలు, ఒకదాని కొసలకు బాణం ములుకులు లోపలికి మడిచి, రెండోదాని కొసలకు బయటికి విప్పి. విప్పిన రెక్కల గీతే పొడుగ్గా కనిపిస్తుంది. ఇంగ్లండుకు చెందిన డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ 1901-02లో నీలగిరి కొండల్లో తోడా గిరిజనుల దగ్గర ఉండి ఇలాంటి బొమ్మలు చూపించాడు. ములుకుల బొమ్మకు వాళ్లు ఇంగ్లండు వాళ్లకంటే తక్కువ మోసపోయారు. తిరగేసిన 'టి' ఆకారంలో నిలువుగీత పొడుగ్గా కనిపించే బొమ్మకు మాత్రం ఎక్కువ మోసపోయారు. మూలలున్న గదుల్లో పెరిగిన కళ్లు మూలల్ని చదవడం నేర్చుకుంటాయి, అందుకే ములుకులకు చిక్కుతాయి అన్న వాదన తర్వాత బలపడింది. 1963లో రిచర్డ్ గ్రెగరీ దాన్ని లోతు లెక్కగా వివరించాడు.

నేనూ చాలాకాలం అదే నమ్మాను. 2015లో వచ్చిన ఒక ఫలితం చదివాక నా నమ్మకం కదిలింది. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేసే పవన్ సిన్హా మన దేశంలో ప్రాజెక్ట్ ప్రకాశ్ నడుపుతున్నారు. శుక్లాలతో పుట్టి, చూపే ఎరగకుండా పెరిగిన పిల్లలకు శస్త్రచికిత్స చేయించి, వాళ్లు చూడటం ఎలా మొదలుపెడతారో గమనిస్తారు. 8 నుంచి 16 ఏళ్ల మధ్య వయసున్న 9 మంది పిల్లలకు, చూపు వచ్చిన వెంటనే పోంజో బొమ్మనూ ముల్లర్-లయర్ బొమ్మనూ చూపించారు. రైలు పట్టాలు చూసి ఎరగరు, గది మూల చూసి ఎరగరు. అయినా మనలాగే పైగీత పొడుగన్నారు, రెక్కల గీత పొడుగన్నారు. అంటే ఏళ్ల తరబడి చూసిన అనుభవం లేకపోయినా ఈ రెండు మాయలూ పనిచేస్తాయి. మరి తోడాల దగ్గర కనిపించిన తేడా ఎక్కడిది? పుట్టుకతో వచ్చిన దాని మీద అనుభవం కొంత దిద్దుబాటు చేస్తుందని నా అనుమానం. అది అనుమానమే.

మూడో రోజు ఆ పిల్లకు చెయ్యి బొమ్మ రాతిపలక మీదే గీయాలని పట్టుదల వచ్చింది. అక్కడ కొత్త చిక్కు. కాగితం మీద చేతి చుట్టూ పలచగా గీసి, తర్వాత రబ్బరుతో తుడిచాం. పలక మీద బలపం గీత పలచన కాదు. తడిగుడ్డతో ఆ గీత తుడిస్తే పక్కనున్న అడ్డగీతలూ పోతాయి. రెండుసార్లు గీసి, రెండుసార్లు మొత్తం తుడిచేసింది. నాకూ ఏమీ తోచలేదు.

గడప దగ్గర చింతపండులో గింజలు తీస్తున్న మా అమ్మ తల ఎత్తింది. "చెయ్యి చుట్టూ గీత ఎందుకే? చుక్కలు పెట్టుకో. ముగ్గుకు పెట్టుకోమా?"

"చుక్కలు కనపడవా జేజీ?"

"గీత చుక్క మీదనే పోతే చుక్క ఏడ కనపడుద్ది?"

అంతే. పలక ఎడమ, కుడి చట్రాల మీద అర సెంటీమీటరుకొక గుర్తు పెట్టుకుంది. ఎడమ చెయ్యి పలక మీద ఆనించి, ప్రతి గుర్తుకూ ఎదురుగా, చేతి అంచుకు ఆనుకుని బలపం కొసతో ఒక్కో చుక్క. వేళ్ల దగ్గర ఒక్కో గీతకు ఎనిమిది చుక్కలు, బొటనవేలు మొదలైన చోట ఇంకో రెండు. చెయ్యి తీసేసి చట్రం గుర్తు నుంచి బయలుదేరి, చుక్క దాకా తిన్నగా, చుక్క నుంచి చుక్కకు గాజు వంపు, మళ్లీ తిన్నగా. బలపం అరిగి మొద్దుబారినప్పుడల్లా వాకిట్లో బండకు రుద్ది కొస తీసుకుంటూ మధ్యాహ్నం భోజనాల వేళకు మణికట్టు దాటి అరచేతి సగానికి వచ్చింది.